నాగమ – ఎర్రయ: ఆరువందల ఏండ్ల అక్కాతమ్ముళ్ల రక్తపిశాచి గ్రాఫిక్ నవల, స్క్రిప్టు మీద చర్చ

ఛాయాసోమన్న
96 పేజీలు, డెమీ 1/8 సైజు, నలుపు మీద ఒక్క ఎరుపు. కథ ఇంతే. 14వ శతాబ్దం, రేచర్ల పద్మనాయకుల రాచకొండ. కోటవాకిలి కాసే ఇంట్ల ఇద్దరు బిడ్డలు. అక్క నాగమ పందొమ్మిదో ఏట రక్తపిశాచి అయింది. అప్పుడు తమ్ముడు ఎర్రయకు పద్నాలుగు. వాణ్ని ఆమె వెంటనే మార్చలే. నలభై అయిదో ఏట, మోకాళ్లు అరిగినంక మార్చింది. అప్పటి నుంచి ఆమెకు అదే పడుచుదనం, అతనికి అవే మోకాళ్లు. పగ అక్కడ మొదలైతది. ఆమె రాచకొండ గుట్టల్ల, అతను దేవరకొండల. ఇప్పటి భాగం నల్లగొండ టౌన్‌ల, పానగల్లు చెరువుకట్ట పొంటి నడుస్తది.

ఎక్కడ ఆగిందంటే: 20వ పేజీ నుంచి 34 దాకా అన్నీ రాత్రులే, అన్నీ కొట్లాటలే. మొహాలు మారవు కాబట్టి ఏ శతాబ్దమో తెలుస్తలేదు. ఇప్పటి కాలంల వీళ్లు దేని కోసం కొట్లాడాలె? కత్తులతోని అయితే నవ్వొస్తది. స్క్రిప్టు, నమూనా పేజీలు పెట్టిన. ప్రెస్ సంగతి కూడా చెప్పుండ్రి.

పాలోడు
ముందు మాటల సంగతి. 12వ పేజీల ఎర్రయ "సోదరీ" అంటడు. రాచకొండల గాని దేవరకొండల గాని ఎవ్వడూ అట్ల పిలువడు. మన భాషల పిలుపులనే ఎవరు పెద్దో తేలిపోతది, మీ కథ నిలబడేది దాని మీదనే. ఆమె పందొమ్మిదేండ్ల పిల్ల లెక్క కనపడ్తది, అతను నలభై అయిదేండ్ల మనిషి. బజార్ల అతను ఒక్కసారి "అక్కా" అన్నడంటే గుట్టు బయటపడ్డట్టే. అందుకని నలుగురి ముందల అతను "బిడ్డా" అనాలె, ఆమె "నాయినా" అనాలె. ఇంట్లకు వొచ్చి తలుపేసినంక తిరగబడాలె.

మూడు వరుసలు రాసుకోండ్రి. నలుగురిల: "బిడ్డా / నాయినా". ఇద్దరే ఉన్నప్పుడు: "అక్కా / ఎర్రిగా". కోపమొస్తే: ఇద్దరే ఉన్నా అతను కావాలని "ఏం బిడ్డా" అంటడు. ఆ ఒక్క మాట చాలు, కొట్లాట ప్యానెళ్లు నాలుగు తీసెయ్యొచ్చు.

ఇంకోటి. తమ్ముడు అక్కను "నువ్వు" అనే అంటడు, అది చనువు. పుస్తకమంతా "నువ్వు" నడిపించి, 88వ పేజీల ఒక్కసారి "మీరు పోండ్రి" అనిపించుండ్రి. కత్తికన్నా లోతుకు దిగుతది.

లాంతరు
శతాబ్దం తెలియకపోవడానికి మందు దీపమే. రాత్రి కథకు వెలుగు ఎట్లాగూ కావాలి, ఆ వెలుగునే క్యాలెండరు చేసుకోండి. 14వ శతాబ్దంలో ఆముదం ప్రమిద, కాగడా. 19వ శతాబ్దం చివర్లో కిరసనాయిలు లాంతరు. 20వ శతాబ్దం మొదటి సగంలో పెండ్లి పందిట్లో పెట్రోమాక్స్, తరువాత నలభై వాట్ల బల్బు, ఆపైన ట్యూబులైటు, ఇప్పుడు తెల్లగా కొట్టే ఎల్‌ఈడీ వీధిదీపం.

నీడ ఎటు పడుతుందో కూడా దీన్ని బట్టే. ప్రమిద నేల మీద ఉంటుంది, వెలుగు గదవ కింది నుంచి పైకి కొడుతుంది, కనుబొమ్మల నీడ నుదుటి మీదికి పోతుంది. బల్బు నెత్తి మీద ఉంటుంది, కంటిగుంతలు నల్లబడతాయి. లాంతరు చేతిలో ఊగుతుంటే నీడ గోడ మీద పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది. అదే మొహం, అదే కోణం, నాలుగు దీపాలు: ఒక్క పేజీలో ఆరువందల ఏళ్లు దాటొచ్చు, "కొన్ని శతాబ్దాల తరువాత" అని రాయకుండా.

మీ నమూనా పేజీల్లో తప్పులు దొరికాయి. 9వ పేజీ వంటింట్లో మిరపకాయల దండ ఉంది. మిరప పోర్చుగీసువాళ్లతో వచ్చిన అమెరికా పంట, 16వ శతాబ్దానికి ముందు ఇక్కడ లేదు. అక్కడ మిరియాలు పెట్టండి. టమాటా, పొగాకు కూడా అంతే. జొన్నరొట్టె నిరభ్యంతరం. నాగమ చీర పోచంపల్లి చిటికీ నేత. ఆ నేత పోచంపల్లికి 20వ శతాబ్దంలోనే చీరాల వైపు నుంచి వచ్చింది. ఆ చీర ఇప్పటి పేజీల్లో కట్టించండి, అప్పటి పేజీల్లో చారల ముతక నూలు చాలు.

చంద్రుడు కూడా. 22వ పేజీలో అర్ధరాత్రి నడినెత్తిన సన్నటి నెలవంక. విదియ, తదియ చంద్రుడు పొద్దుగూకిన కొద్దిసేపటికే పడమట దిగిపోతాడు. బహుళ పక్షపు సన్న చంద్రుడు తెల్లవారుజామున తూర్పున వస్తాడు. అర్ధరాత్రి సన్న చంద్రుడు అనేదే లేదు. ఇంకా ఒకటి, మన అక్షాంశంలో నెలవంక కొమ్ములు పైకి పెట్టి పడవలా పడుకుంటుంది. మీరు గీసిన నిలువు కొడవలి యూరప్ బొమ్మల్లోది.

ఛాయాసోమన్న
చంద్రుని సంగతి ఆలోచించలే. సరిచేస్త. దీపాల పేజీ 20వ పేజీగనే పెడ్త, కొట్లాటలు ఆరు పేజీలు పోతయ్. అయితే ఇప్పటి కొట్లాట దేని మీద?

ఖాస్రా_పహాణీ
భూమి మీద. ఇంకేముంటది?

వినుండ్రి. చావనోనికి ఉన్న పెద్ద తిప్పలు కాయితం. ఎర్రయ 19వ శతాబ్దం చివర్ల నిజాం సర్కారు భూముల సర్వే, బందోబస్తు (శిస్తు ఖరారు) నడుస్తున్నప్పుడు దేవరకొండ దిక్కు భూమి సొంత పైసలతోని కొన్నడు అనుకోండ్రి. ముప్పై నలభై ఏండ్లకు ఊరోళ్లు "ఈయన ముసలోడైతలేడేంది" అంటరు. అప్పుడు ఏం జేస్తడు? చచ్చినట్టు నమ్మించి, కొన్నేండ్లు మాయమై, తన కొడుకునని వాపసొచ్చి విరాసత్ (వారసుని పేరు మీదికి భూమి మార్పు) చేయించుకుంటడు. 1954-55 ఖాస్రా పహాణీల, అంటే ఏ భూమి ఎవరిదని రాసిన సర్కారు రికార్డుల, ఆ "కొడుకు" పేరు ఎక్కుతది. తెలంగాణల భూమి తగాదా ఏదైనా ఆ కాయితం కాడికి రావాల్సిందే.

ఇప్పుడు మలుపు. నిజానికి ఆ భూమి అతని స్వార్జితం. ఎవ్వరికీ పుట్టుకతో హక్కు లేదు. కానీ 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందే తండ్రి నుంచి కొడుక్కు వచ్చినట్టు తనే కాయితాలు పుట్టించిండు. ఆ కాయితాల లెక్కల అది పిత్రార్జితం అయి కూసుంది. లోకం కోసం నాగమను ఏమని రాయించిండు? బిడ్డ అని. 2005 సవరణతోని బిడ్డకు కొడుకుతో సమానంగ పుట్టుకతోనే హక్కు. తండ్రి బతికుండంగనే పంపకాలకు దావా వెయ్యొచ్చు. అంటే అక్క తమ్ముని మీద బిడ్డగ కేసు వేస్తది! అతను గెలవాలంటే "ఇది నేను కొన్న భూమి, మా నాయినది కాదు" అని రుజువు చెయ్యాలె. అట్ల చేస్తే నూటయాభై ఏండ్ల కింద కొన్నది తనేనని ఒప్పుకోవాలె.

పాలోడు
అబ్బ! తవ్వుకున్న గుంతల్నే పడ్డడు. మరి "ఎప్పుడో నోటిమాట మీద పంచుకున్నం" అనొచ్చు గదా?

ఖాస్రా_పహాణీ
అనొచ్చు, నిలువదు. 20-12-2004 కంటె ముందే రిజిస్టరయిన పంపకం గాని, కోర్టు డిక్రీ గాని ఉంటే దాన్ని కదిలియ్యరు. నోటి పంపకాన్ని మామూలుగ ఒప్పుకోరని 2020ల సుప్రీంకోర్టు చెప్పింది, ప్రభుత్వ రికార్డుల గట్టి ఆధారం ఉంటే తప్ప. అదే తీర్పుల 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడ లేదన్నరు.

పగలు కోర్టుకు ఎట్ల పోతరు అని అడుగుతరు. వకాల్తా ఇస్తే వకీలు పోతడు. ముఖ్య విచారణ అఫిడవిట్ మీదనే. క్రాస్‌కు (ఎదుటి వకీలు అడిగే ప్రశ్నలకు) మాత్రం మనిషి కావాలె. జబ్బుతోని రాలేని సాక్షి కాడికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 కింద అడ్వకేట్ కమిషనర్‌ను పంపొచ్చు. పొద్దుగూకినంక పాత ఇల్లు, ట్యూబులైటు, టేబుల్ మీద కాయితాలు, కమిషనర్ పక్కన టైపిస్టు. ఇద్దరు రక్తపిశాచులు ఎదురెదురుగ, నడుమ ఇద్దరు మనుషులు. క్రాస్‌ల మొదటి ప్రశ్న: "మీ వయసెంత?" ఎనిమిది పేజీలు కదలకుండ నడుస్తది.

గడపమీది_పసుపు
ఈ సీన్ ఉంటే కొట్లాటలు మొత్తం తీసేసినా నష్టం లేదు. కాని నియమాలు ముందే బిగించుకోవాలి, లేకపోతే చదివేవాళ్లు 60వ పేజీలో పట్టుకుంటారు.

ఎండ: 1897 డ్రాక్యులా నవలలో కౌంట్ పట్టపగలే లండన్‌లో తిరుగుతాడు, శక్తి తగ్గుతుంది అంతే. ఎండ తగిలి నశించడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమాతో స్థిరపడింది. అంటే ఏది పెట్టుకున్నా మీ ఇష్టం, కాని ఒకటే పెట్టుకోండి. "నేరుగా పడే ఎండ చంపుతుంది, పరావర్తనమైన వెలుగు చంపదు" అనుకుంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీ చేతికి వస్తుంది. అక్కడ గర్భగుడిలో నిలువు స్తంభంలాంటి నీడ పొద్దు ఎటు తిరిగినా కదలకుండా నిలిచి ఉంటుంది. అది ఒక్క స్తంభం నీడ కాదు. మండపంలో వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి చెదిరిన వెలుగును స్తంభాలు అడ్డుకోవడంతో ఏర్పడేది. పగటిపూట వీళ్లిద్దరూ కలవగలిగిన చోటు అదొక్కటే. ఆ వెడల్పులో ఒక్కరే పడతారు, రెండోవాళ్లు గోడకు ఆనుకోవాలి. ఎవరు నీడలో నిలబడతారన్నదే ఒక తగాదా.

ఎల్లిపాయ నియమం వద్దు. ఎల్లిపాయ కారం లేని ఇల్లు మన దిక్కు ఎక్కడుంది? ఆకలితో చస్తారు.

పిలవనిదే గడప దాటరాదు అన్నది మాత్రం ఉంచండి. గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులున్నాయి కదా. దెయ్యాన్ని వాయిదా వేసే రాత అది. ఈ నియమం ఉంటే అది పిలుపు అవుతుంది! అదీ ఆడమనిషికే. నాగమ ఊరంతా తిరుగుతుంది, ఎర్రయ గడప బయట మోకాళ్లు పట్టుకొని కూర్చుంటాడు.

లాంతరు
"రేపు" అని ఉంది. ఇవాళ పోతే చెల్లదు, రేపు పోయినా గోడ మీద మళ్లీ రేపే.

గడపమీది_పసుపు
అర్ధరాత్రి పన్నెండుకు ఒక నిమిషం ముందు చదివి, ఒక నిమిషం తరువాత దాటితే?

ఖాస్రా_పహాణీ
ఈమెను వకీలు పెట్టుకోవాలె.

మర్రి_గబ్బిలం
గబ్బిలాల మీద ఒక్క మాట. 41వ పేజీల పిల్లలమర్రి మీద నుంచి రక్తం తాగే గబ్బిలాలు లేస్తయ్. రక్తం తాగే జాతులు మూడే, మూడూ మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకనే ఉంటయ్. మన మర్రి మీద వేలాడేవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, రెక్కలు చాపితే నాలుగడుగులు. బొమ్మకు ఇవే బాగుంటయ్, నక్కమొహం వేసుకోని. ఇంకోటి, స్క్రిప్టుల "సూర్యాపేట పిల్లలమర్రి చెట్టు" అని ఉంది. సూర్యాపేట దగ్గరిది కాకతీయుల నాటి గుళ్లున్న ఊరు. ఊడల మర్రి పాలమూరుది. ఆ చెట్టుకు 2018ల చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిండ్రు. కొమ్మకొమ్మకు సీసాలు వేలాడుతున్న చెట్టు కింద రక్తపిశాచి: ఇంతకన్న బొమ్మ ఏం గావాలె?

కొరికే సీన్లల కొలతలు కూడ తప్పుతున్నయ్. పెద్దమనిషి ఒంట్ల రక్తం సుమారు అయిదు లీటర్లు. కడుపు పట్టేది ఒకటి, ఒకటిన్నర లీటరు. ఒక్కరే మొత్తం తాగి మనిషిని తొక్క చేసుడు కుదరదు. ఏడువందల యాభై మిల్లీలీటర్ల దాక పోతే మనిషి తట్టుకుంటడు. రెండు లీటర్లు పోతే, వెంటనే ఎక్కియ్యకపోతే, పాణం దక్కుడు కష్టం. నాగమ కొలత తెలిసి తాగుతది, ఎర్రయకు తెల్వదు అని పెడితే ఇద్దరికీ తేడా వొస్తది.

మునుగోడు_మాట
ఎర్రయ పండ్ల మీద గోధుమరంగు గారలు పెడితే నల్లగొండ మనిషని గుర్తు పడతారు. ఫ్లోరైడ్ నీళ్లు.

గడపమీది_పసుపు
వద్దు. శాస్త్రం ప్రకారం కూడా జాగ్రత్త కావాలి: పంటి మీది పింగాణీ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, తాగిన నీళ్లతోనే ఆ మచ్చలు పడతాయి. తరువాత ఎన్ని వందల ఏళ్లు తాగినా పళ్ల మీదికి రావు, ఎముకలకు పడుతుంది. అసలు అభ్యంతరం వేరే. మర్రిగూడ దిక్కు నడుములు వంగిన మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ల గుర్తు తీసుకెళ్లి పిశాచి నోట్లో పెట్టొద్దు.

మునుగోడు_మాట
నిజమే. వెనక్కి తీసుకుంటున్నా.

వత్తులగోల
అక్షరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నమూనా పేజీల్లో బెలూన్లు ఇంగ్లీషు కొలతకు గీసి, తెలుగును అందులో కుక్కారు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. పది పాయింట్ల అక్షరానికి వరుసల ఎడం కనీసం పదిహేను పాయింట్లు ఇవ్వాలి. లేకపోతే పై వరుస "స్త్రీ" కింది వరుస "కీ"తో ఢీకొంటుంది. మాటలు పొడుగు కాబట్టి బెలూన్ గుండ్రంగా కాకుండా అడ్డంగా గీయండి. ఒక బెలూన్‌కు పన్నెండు, పదిహేను మాటలు మించొద్దు. ముందు అక్షరాలు పేర్చి, దాని చుట్టూ బెలూన్ గీయాలి. గట్టిగా అరిచారని చూపడానికి వాలు అక్షరాలు వద్దు, తెలుగు వాలిస్తే కాలు జారినట్టుంటుంది. అక్షరం లావు పెంచండి.

చప్పుళ్లు: 17వ పేజీలో తలుపు "సర్ర్ర్" అని తెరుచుకుంటుంది. వరుసగా కొడితే రెండో ర, మూడో ర వత్తులై కిందికి దిగి గుబురైపోతాయి. ప్రతి పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనపడని గుర్తు) కొడితే "సర్‌ర్‌ర్‌" అని విడివిడిగా నిలుస్తుంది. అసలు చప్పుళ్లను చేత్తో గీయడమే మేలు.

పేజీలు పేర్చే ఇండిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేస్తే అచ్చుకు బాగానే ఉంటుంది, రేపు ఈబుక్ చేసేనాడు అక్షరాలన్నీ చెత్త గుర్తులవుతాయి. యూనికోడ్‌లోనే ఉండండి. మాటలకు మండలి ఫాంట్, అధ్యాయాల పేర్లకు సురవరం. ఆ ఫాంటు పేరు పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డిది, మీ పుస్తకానికి తగినట్టే.

నాగమ పాత మాట మాట్లాడాలి, ఎర్రయ నడుస్తున్న కాలంతో మారాలి. 14వ శతాబ్దపు పేజీల్లో "దర్వాజ", "జమీన్", "ఖతం" తీసేయండి. వాకిలి, నేల, ముగిసింది. ఇప్పటి పేజీల్లో ఎర్రయ "దర్వాజ పెట్టు" అంటాడు, ఆమె "వాకిలి వెయ్యి" అంటుంది.

ఫారం16
ప్రెస్ సంగతి. ఒక్క పెద్ద కాయితం రెండు దిక్కులా అచ్చేసి మడిస్తే పదహారు పేజీల ఫారం. 96 అంటే ఆరు ఫారాలు, లెక్క సరిపోయింది. ఎరుపును నాలుగు రంగులల కలపొద్దు, నలుపుతో పాటు ఒక్క స్పాట్ ఎరుపు (విడిగ కలిపిన సిరా), రెండు ప్లేట్లు. అన్ని పేజీలకు ఎరుపు ఎందుకు? ఫారంల ఒక దిక్కున 1, 4, 5, 8, 9, 12, 13, 16 పడతయ్. రెండో దిక్కున మిగిలిన ఎనిమిది. ఎదురెదురు పేజీలు ఎప్పుడూ ఒక్క దిక్కునే ఉంటయ్: 4-5 మొదటి దిక్కు, 6-7 రెండో దిక్కు. ఎరుపును మొదటి దిక్కుకే కట్టేస్తే ఆరు ప్లేట్లు మిగులుతయ్. పుస్తకం తెరిస్తే ఒక జత విడిచి ఒక జతల ఎరుపు కనపడ్తది. స్క్రిప్టు దానికి తగ్గట్టు కోసుకోండ్రి.

నిండు నలుపు పేజీలే అసలు తలనొప్పి. 80 జీఎస్సెం మ్యాప్‌లితో కాయితం వాడితే వెనక పేజీ కనపడ్తది, 100 కన్న తక్కువ వద్దు. సిరా ఆరకముందే ఫారం మడిస్తే ఎదుటి పేజీకి అంటుతది. ఒక రాత్రి ఆరనియ్యాలని ప్రెస్సోళ్లకు ముందే చెప్పుండ్రి. నలుపు కింద 40 శాతం ఎరుపు పరిస్తే నలుపు చిక్కగైతది, కానీ అందుల తెల్లక్షరాలు ఉంటే రిజిస్ట్రేషన్ (రెండు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ పడుడు) వెంట్రుకవాసి తప్పినా అంచున ఎర్రగ కారుతది. అక్షరం చుట్టూ 0.3 మిల్లీమీటర్లు ఎరుపు తీసెయ్యుండ్రి. తెల్లక్షరం 11 పాయింట్లకు తగ్గొద్దు, సన్నగీతలు పూడుకపోతయ్.

గీతలు 1200 డీపీఐ, నలుపు తెలుపే, బూడిదరంగు లేకుండ. కోత కోసం బొమ్మ అంచు 3 మిల్లీమీటర్లు బయటికి. గమ్ము బైండింగ్ అయితే నడుమ సెంటీమీటరు దాక మింగుతది, మొహం అక్కడ పెట్టొద్దు. కుట్టు బైండింగ్ అయితే మేలు.

ఛాయాసోమన్న
ఎరుపు లెక్కకు పేజీలు జరిపిన. కమిషనర్ సీన్ 64ల మొదలైతది, 71 దాక. 64-65 జత మొదటి దిక్కే. స్క్రిప్టు ఇట్ల ఉంది:

పేజీ 64. ప్యానెల్ 1: ట్యూబులైటు, ఒక్క కొస మినుకు. ప్యానెల్ 2: కమిషనర్ వాకిట్ల చెప్పులు విడుస్తడు. ప్యానెల్ 3: ఎర్రయ కుర్చీల కూసుంటూ మోకాలు పట్టుకుంటడు. నాగమ చూస్తది, చూపు తిప్పుకుంటది. ప్యానెల్ 4: వకీలు: "సాక్షికి మీరేమైతరు?" ప్యానెల్ 5: నాగమ మొహం, మాట లేదు. ప్యానెల్ 6: నాగమ: "బిడ్డను." ఎరుపు ఎక్కడా లేదు, కమిషనర్ ఇంకు ప్యాడ్ తప్ప.

పాలోడు
5వ ప్యానెల్ల ఎర్రయ కూడ ఉండాలె. ఆమె ఏమంటదోనని చూసేది అతను గదా.

ఫారం16
64-65 మొదటి దిక్కే, 16 తోని భాగిస్తే శేషం సున్న, ఒకటి. సరే. కానీ 64 ఫారం చివరి పేజీ, 65 కొత్త ఫారం. రెండు వేర్వేరు కాయితాలు, ఎరుపు ఒక ఇసుమంత తేడా వొస్తది. ఇంకు ప్యాడ్ బొమ్మ రెండు పేజీల మీదుగ పారనియ్యకు.

వత్తులగోల
4వ ప్యానెల్‌లో ప్రశ్న వేసే వకీలు ఎడమ దిక్కున ఉండాలి, మీ స్కెచ్‌లో కుడి దిక్కున ఉన్నాడు. ముందు మాట్లాడేవాడు కుడివైపు ఉంటే బెలూన్ తోకలు ఒకదాన్నొకటి దాటుతాయి. బొమ్మ తిప్పేయండి. తిప్పితే ట్యూబులైటు మినుకే కొస కూడా తిరుగుతుంది, 1వ ప్యానెల్‌తో సరిచూసుకోండి.

ఛాయాసోమన్న
తిప్పిన. ఎర్రయను 5ల పెట్టిన, మోకాలు మీది చెయ్యి మాత్రమే కనపడ్తది.